తెర మీద ‘నిషేధం’ అని వస్తే సిగ్గుపడవద్దు



రైల్వే స్టేషను, కాలేజీ, లాడ్జి, ఆసుపత్రి వరండా – ఇప్పుడు చాలా చోట్ల ఉచిత వైఫై దొరుకుతున్నది. 2016 జనవరిలో ముంబై సెంట్రల్ స్టేషనులో మొదలైన రైల్వే వైఫై అదే సంవత్సరం విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ స్టేషన్లకు కూడా వచ్చింది. నేడు దేశంలో ఆరు వేలకు పైగా స్టేషన్లలో ఈ సౌకర్యం ఉన్నది. ఫోనులో డేటా అయిపోయినవారికి ఇది ఎంతో ఉపయోగం.

అయితే ఇలాంటి చోట్ల ఆరోగ్య విషయం ఏదైనా వెతుకుతున్నప్పుడు ఒక్కొక్కసారి పేజీ తెరుచుకోదు. దానికి బదులు ‘ఈ సైటు నిషేధించబడినది’ అని వస్తుంది. దాని కింద ‘అశ్లీలం’ అనో, ‘పెద్దలకు మాత్రమే’ అనో ఒక ముద్ర. రొమ్ములో గడ్డ గురించి చదవబోయిన తల్లి అది చూసి చటుక్కున ఫోను బోర్లించేస్తుంది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూస్తుంది. మళ్లీ ఆ మాట వెతకదు. మాకు భయమంతా ఈ చివరి సంగతి గురించే. అందుకే ఈ సంచికలో మందుల గురించి కాక ఈ విషయం గురించి రాస్తున్నాము.

ఒక్క మాట ముందే చెబుతున్నాము. ఆ పేజీ ఆగిపోయింది మీరేదో చూడరానిది చూడబోయారని కాదు. ఆపింది ఒక యంత్రం. దానికి రోగమూ తెలియదు, మీ బాధా తెలియదు.

ఫిల్టర్ ఎలా పనిచేస్తుంది?

పది మంది వాడే వైఫైలో చెడ్డ సైట్లు రాకుండా పెట్టే అడ్డుకట్టను ఫిల్టర్ అంటారు. మన వంటింటి జల్లెడ లాంటిదే. ఇది ముఖ్యంగా రెండు విధాలుగా పనిచేస్తుంది.

మొదటిది మాటల పట్టీ. కొన్ని మాటలు కనిపిస్తే చాలు, ఆపేస్తుంది. రెండవది సైట్ల పట్టీ. ఫిల్టర్లు తయారుచేసే కంపెనీలు లక్షలాది సైట్లను అశ్లీలం, జూదం, మద్యం, మత్తు పదార్థాలు, లైంగిక విద్య అంటూ వర్గాలుగా విడదీసి ఉంచుతాయి. వైఫై పెట్టినవారు ఏ వర్గం వద్దంటే ఆ వర్గం మొత్తం ఆగిపోతుంది. మన ఫోను ఏ సైటుకు వెళ్లాలన్నా ముందు దాని చిరునామా అడుగుతుంది. ఫిల్టర్ ఆ చిరునామా ఇవ్వదు, అంతే. కొన్నిసార్లు ‘నిషేధం’ అన్న మాట కూడా రాదు. పేజీ తిరుగుతూ తిరుగుతూ ఖాళీగా ఉండిపోతుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. ఇన్ని సైట్లను మనుషులు కూర్చుని చదవలేరు, చాలావరకు యంత్రమే వర్గం నిర్ణయిస్తుంది. తాగుడు మాన్పించే సైటులోనూ ‘మద్యం’ అన్న మాట ఉంటుంది, మద్యం అమ్మే సైటులోనూ ఉంటుంది. మాట ఒక్కటే, ఉద్దేశం వేరు. పైగా ఇలాంటి ఫిల్టర్‌కు సైటు పేరు తప్ప లోపలి పేజీలు కనబడవు కనుక ఒక్క పేజీ నచ్చకపోయినా సైటు మొత్తం పోతుంది. కొత్తగా పెట్టిన సైట్లను ‘ఇంకా వర్గం తెలియనివి’ అని ఆపేసే ఫిల్టర్లు కూడా ఉన్నాయి. చిన్న స్వచ్ఛంద సంస్థలు, సంఘాలు పెట్టుకున్న సైట్లు ఇలా చిక్కుకుంటాయి.

ఇది ఈనాటి సమస్య కాదు

1995 చివరలో అమెరికా ఆన్‌లైన్ అనే సంస్థ, ఇంగ్లీషులో ‘రొమ్ము’ అనే మాటను బూతుల పట్టీలో చేర్చింది. దానితో రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలు తమ జబ్బు పేరు తాము రాసుకోలేకపోయారు. వారు గట్టిగా అభ్యంతరం చెప్పిన తరువాత సంస్థ వెనక్కి తగ్గింది. ఆ మరుసటి సంవత్సరం, 1996లో, ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ అనే ఊరివారికి అదే సంస్థలో ఖాతా తెరవడం కుదరలేదు. ఎందుకంటే ఆ ఊరి పేరులోని అక్షరాల నడుమ ఒక బూతుమాట దాగి ఉన్నది! ఊరివారు చేసిన పాపమేమీ లేదు. నేటికీ కంప్యూటర్లవారు ఇలాంటి పొరపాటును ‘స్కన్‌థార్ప్ సమస్య’ అనే పిలుస్తారు.

జల్లెడ రంధ్రాలు ఎంత ఉండాలి?

అమెరికాలో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ వారు ఈ విషయాన్ని లెక్కలు కట్టి పరీక్షించారు. 2002 డిసెంబరులో ఆ ఫలితాలు వైద్య పత్రిక ‘జామా’లో అచ్చయ్యాయి. పిల్లలు వెతికే తీరులో ఆరోగ్య విషయాలు వెతికి, బడుల్లో, గ్రంథాలయాల్లో వాడే ఫిల్టర్లు ఏవి ఆపుతాయో, ఏవి వదులుతాయో చూశారు.

ఫిల్టర్‌ను తక్కువ స్థాయిలో పెట్టినప్పుడు అశ్లీల సైట్లలో సగటున 87 శాతం ఆగాయి. ఆరోగ్య సైట్లలో 1.4 శాతం మాత్రమే ఆగాయి. అన్నిటికన్నా గట్టి స్థాయిలో పెట్టినప్పుడు అశ్లీల సైట్లలో ఆగినవి 91 శాతం. అంటే కొద్దిగా పెరిగింది. కాని ఆరోగ్య సైట్లలో 24 శాతం ఆగిపోయాయి. నూటికి 24 మంచి పేజీలు పోయాయన్నమాట! ఇక తక్కువ స్థాయిలో కూడా, కండోములు వంటి మాటలతో వెతికినప్పుడు వచ్చిన ఆరోగ్య సైట్లలో సుమారు 10 శాతం ఆగాయి.

ఫిల్టర్లు అప్పటికీ ఇప్పటికీ చాలా మారాయి. కాని ఆ లెక్కలు నేర్పే పాఠం మారలేదు. జల్లెడ రంధ్రాలు మరీ చిన్నవి చేస్తే రాళ్లు ఇంకో నాలుగు ఆగుతాయేమో కాని, దానితోపాటు బియ్యం కూడా ఆగిపోతుంది.

2013 డిసెంబరులో బ్రిటనులో బి.బి.సి. వారు ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల ఫిల్టర్లను పరిశీలించారు. పిల్లలకు లైంగిక విద్య నేర్పే ఒక సైటు, ఎడింబరోలో అత్యాచార బాధితులకు అండగా నిలిచే కేంద్రం సైటు ఒక ఫిల్టర్‌లో ఆగిపోయాయి. మరొకటి, అశ్లీల చిత్రాల వ్యసనం నుండి బయటపడటానికి సాయం చేసే సైట్లనే ఆపేసింది. రోగం రాకుండా పెట్టిన తలుపు, వైద్యుని ఇంటి తలుపును కూడా మూసేసింది.

అడిగితే తెరుస్తారు, అడిగేది ఎవరు?

అమెరికాలో 2000 సంవత్సరంలో వచ్చిన చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ సహాయం తీసుకునే గ్రంథాలయాలు ఫిల్టర్ పెట్టాలి. 2003లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. పెద్దవారు ఎవరైనా అడిగితే గ్రంథాలయంవారు ఆ సైటును తెరిచి ఇవ్వవచ్చు కదా అన్నది ఆ తీర్పుకు ఒక ఆధారం.

ఆ మాట సబబుగానే ఉన్నది. కాని వార్డులో మాకు తెలిసిన సంగతి ఒకటున్నది. నోరు తెరిచి అడగలేనివారే ఫోనులో వెతుకుతారు. తెల్లబట్ట గురించి, సుఖవ్యాధుల గురించి, మగవారి బలహీనత గురించి ఎదురుగా కూర్చున్న నర్సునే అడగలేని మనిషి, కౌంటరులో ఉన్న కుర్రవాడి దగ్గరకు వెళ్లి ‘బాబూ, ఈ సైటు తెరిచిపెట్టు’ అని అడుగుతాడా? అందుకే ఈ చిన్న అడ్డంకి కొందరి విషయంలో నెలల ఆలస్యం అవుతుంది. గడ్డ విషయంలో నెలల ఆలస్యం ఎంత నష్టమో మేము చెప్పనక్కరలేదు.

మీరు ఏమి చేయాలి?

1. భయపడవద్దు, మానివేయవద్దు. మీ సొంత మొబైల్ డేటాతో గాని, ఇంటికి వెళ్లాక గాని మళ్లీ చూడండి.

2. సైటు పేరు, సమయం రాసుకుని లేదా తెర ఫోటో తీసి వైఫై నడిపేవారికి ఇవ్వండి. ‘ఇది ఆరోగ్య సైటు, పొరపాటున ఆగింది’ అంటే చాలు. మీకు ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. ఒకసారి తెరిస్తే మీ తరువాత వచ్చేవారికీ మేలు.

3. అడ్డు తప్పించుకుందామని ఎవరో చెప్పిన ఉచిత వి.పి.ఎన్. యాప్‌లు వేసుకోవద్దు. మీరు చూసేదంతా వారి చేతుల మీదుగా వెళుతుంది. ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని హెచ్చరిక వస్తే, దానిని దాటి ముందుకు పోవద్దు. అక్కడ పాస్‌వర్డు, ఓ.టి.పి. కొట్టవద్దు.

4. ఫోనులో మాట్లాడటం మీకు సులువైతే ఈ ఉచిత నంబర్లు ఉన్నాయి: హెచ్.ఐ.వి., ఎయిడ్స్ విషయాలకు 1097, మనసు బాగుండనప్పుడు 14416, తాగుడు, మత్తు మందులు మానాలంటే 14446.

వైఫై పెట్టించేవారికి ఒక మనవి

హాస్టళ్లు, బడులు, సంఘ భవనాల్లో వైఫై పెట్టించే పెద్దలారా, ఫిల్టర్ వద్దని మేము అనడం లేదు. పిల్లలు తిరిగే చోట అది అవసరం. కాని ‘అన్నీ ఆపెయ్యి బాబూ’ అని చెప్పి వదిలేయవద్దు. అశ్లీలం, జూదం ఆపించండి. ఆరోగ్యం, లైంగిక విద్య, వ్యసన విముక్తి వర్గాలు తెరిచి ఉంచమని అడగండి. పెట్టించిన రోజునే రొమ్ము క్యాన్సర్, గర్భసంచి, రుతుస్రావం, హెచ్.ఐ.వి. అనే మాటలు తెలుగులోను, ఇంగ్లీషులోను వెతికి చూడండి. ఏ పేజీ ఆగినా పేరు చెప్పకుండా రాసి వేసేందుకు ఒక పెట్టె ఉంచండి.

పేజీ కోసం ఆగవద్దు

చివరిగా అక్కచెల్లెళ్లకు ఒక మాట. రొమ్ములో నొప్పి లేని గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, చనుమొన నుండి రక్తం కారడం. ముట్లుడిగిన తరువాత మళ్లీ రక్తం కనబడటం – వీటిలో ఏది ఉన్నా ఏ పేజీ తెరుచుకునే వరకూ ఆగనక్కరలేదు. మన దేశంలో స్త్రీలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే. త్వరగా వస్తే వైద్యం సులువు.

ఓ.పి.లో నలుగురిలో చెప్పలేకపోతే ‘సిస్టరమ్మా, కొంచెం పక్కకు వస్తారా’ అనండి, చాలు. గది తలుపు వేసి వింటాము. ఏ మాటకూ ముఖం చిట్లించము.