నిరుద్యోగుల రాయబారి ఎవరి పక్షం?

తెలుగులో 'ఉద్యోగం' అన్న మాటకు రెండు జీవితాలున్నాయి. సంస్కృతంలో అది ప్రయత్నం, పూనిక, సన్నాహం. తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వంలో ఉన్నది యుద్ధ సన్నాహం. ఆధునిక కాలంలో ఆ మాట హిందీవారికి పరిశ్రమ అయింది, మనకు నెల జీతపు కొలువు అయింది. అర్థం మారింది గాని పాత వాసన పూర్తిగా పోలేదు. 'నిరుద్యోగి' అన్నప్పుడు కొలువు దొరకనివాడు అన్న అర్థం వెనక, పూనిక లేనివాడు అన్న నింద కూడా లీలగా వినిపిస్తుంది. ఇంట్లో తండ్రి విసుగులోనూ, వేదిక మీద నాయకుడి హితబోధలోనూ పలికేది ఈ నిందే.

ఈ నింద నేపథ్యంలో 'యువ రాయబారి' అన్న కొత్త పాత్రను పరిశీలించాలి. నిరుద్యోగ సమస్యను ఎదుర్కోవడానికి యువతీయువకుల్నే స్వచ్ఛంద కార్యకర్తలుగా తీసుకుని, వారికి రాయబారులని పేరు పెట్టే పద్ధతి ఇవాళ అనేక దేశాల్లో ఉంది. ఐక్యరాజ్యసమితి జూలై 15ను ప్రపంచ యువజన నైపుణ్య దినంగా 2014లో ప్రకటించింది. అప్పటినుంచి ఇలాంటి కార్యక్రమాలకు ఒక పండగ రోజు కూడా దొరికింది. ఈ రాయబారులు కళాశాలలకు వెళ్ళి శిక్షణ అవకాశాల గురించి చెబుతారు. దరఖాస్తులు నింపిపెడతారు. ఇంటర్వ్యూలకు తర్ఫీదు ఇస్తారు. యువకుల ఇబ్బందుల్ని అధికారుల ముందు పెడతారు. సాధారణంగా ప్రతిఫలం ఒక ధ్రువపత్రం.

ఈ పనిని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే నాకు దాని విలువ తెలుసు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్లకు ఏ పరీక్షకు ఎప్పుడు ఫీజు కట్టాలో చెప్పే పెద్ద దిక్కు ఉండదు. తమకంటే రెండేళ్ళు ముందు ఆ దారిన నడిచిన అక్కో అన్నో చెప్పిన మాట ఏ ఉపన్యాసం కంటే ఎక్కువ పని చేస్తుంది. నా పూర్వ విద్యార్థులు ఇద్దరు ముగ్గురు సెలవుల్లో మా బడి వరండాలో కూర్చుని చిన్నవాళ్ళకు దరఖాస్తులు నింపిపెడుతుంటారు. వాళ్ళను ఎవరూ రాయబారులు అనలేదు.

అయితే రాయబారి అన్న పేరు పెట్టాక ఒక ప్రశ్న తప్పదు. అతన్ని పంపింది ఎవరు? ఏ మాట చేతికిచ్చి పంపారు?

మన జనానికి రాయబారాలు కొత్తవి కావు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఊరూరా ఆడిన నేల ఇది. ఆ కథలోని రాయబారాల్లో రెండింటిని చూద్దాం. సంజయుణ్ణి ధృతరాష్ట్రుడు పంపాడు. సంజయుడు మంచివాడు, అబద్ధం ఆడేవాడు కాడు. పాండవుల ధర్మబుద్ధిని పొగిడాడు, శాంతిని బోధించాడు, యుద్ధం కంటే భిక్షాటన మేలన్నాడు. రాజ్యభాగం సంగతి మాత్రం అతని సందేశంలో లేదు. కృష్ణుడు పాండవుల తరఫున వెళ్ళాడు. అతని చేతిలో ఒక లెక్క ఉంది: రాజ్యభాగం, అదీ కాదంటే అయిదూళ్ళు. రాయబారి గుణాన్ని బట్టి కాక, మోసుకెళ్ళిన మాటను బట్టి రాయబారం విలువ కట్టాలని ఈ కథ చెబుతోంది.

నేటి యువ రాయబారుల్లో చాలామందిది సంజయ రాయబారం. 'నైపుణ్యం పెంచుకో, ఆత్మవిశ్వాసం పెంచుకో, ఓపిక పట్టు' అన్న సందేశాన్ని పైనుంచి కిందికి చేరవేయడమే వారి పని. నిరుద్యోగం వ్యక్తి లోపం అనుకుంటేనే ఈ సందేశానికి అర్థముంటుంది. వాస్తవం చూద్దాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి అధ్యయన సంస్థ కలిసి 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో చదవను రాయను రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం. పట్టభద్రులైన యువతలో 29.1 శాతం. చదువురాని బీదవాడు పని లేకుండా కూర్చోలేడు. ఏ కూలికైనా పోతాడు, లెక్కల్లో నిరుద్యోగి కాడు. చదివినవాడు చదువుకు తగిన కొలువు కోసం ఎదురుచూస్తాడు. పూనిక లేకపోవడమే కారణమైతే, పదిహేనేళ్ళు పూనికతో చదివినవారిలోనే నిరుద్యోగం ఇంత ఎక్కువగా ఎందుకుంటుంది? చదువులు పెరిగినంతగా కొలువులు పెరగలేదు. ఉన్న ఖాళీలూ సకాలంలో నిండవు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డి.ఎస్.సి. తర్వాత మళ్ళీ 16,347 ఉపాధ్యాయ పోస్టులకు నియామకాలు జరిగేసరికి 2025 వచ్చింది. ఈ మధ్యకాలంలో బి.ఇడి. చదివి ఎదురుచూసినవాళ్ళకు ఆత్మవిశ్వాసం గురించి చెప్పడం పరిహాసమే.

సేవకూ ఉద్యోగానికీ మధ్య గీత ఎంత సులువుగా చెరిగిపోతుందో మన రాష్ట్రమే చూపింది. 2019 ఆగస్టు 15న గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. సుమారు 50 ఇళ్ళకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. రెండున్నర లక్షల మంది చేరారు. పింఛన్లు గడపకు చేర్చారు, 2020 కరోనా రోజుల్లో ఇల్లిల్లూ తిరిగారు. 2021 ఫిబ్రవరిలో వేతనం పెంచమని కొందరు ఆందోళనకు దిగితే, ఇది ఉద్యోగం కాదు, సేవ అన్న సమాధానం ముఖ్యమంత్రి లేఖగా వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ కొనసాగలేదు. పని చేయించుకునేటప్పుడు అది ఉద్యోగంలా ఉంది. హక్కు అడిగేటప్పుడు సేవ అయింది. తీసేసేటప్పుడు ఏదీ కాకుండా పోయింది. ఏ పార్టీని నిందించడానికో ఈ మాట అనడం లేదు. స్వచ్ఛందం అన్న పదానికి ఉన్న ప్రమాదాన్ని గుర్తించమంటున్నాను.

రెండవ రకం రాయబారానికి ఉదాహరణ ఐరోపాలో దొరుకుతుంది. అక్కడి యువజన సంఘాల సమాఖ్య అయిన యూరోపియన్ యూత్ ఫోరం 2017లో బెల్జియం మీద ఐరోపా సామాజిక హక్కుల సంఘానికి ఫిర్యాదు చేసింది. శిక్షణ పేరుతో యువకుల చేత జీతం లేకుండా అసలు పని చేయించుకుంటున్నారన్నది ఆరోపణ. ఇలాంటి దొంగ శిక్షణల్ని తనిఖీ యంత్రాంగం సమర్థంగా పట్టుకోవడం లేదని, న్యాయమైన వేతనపు హక్కుకు భంగం కలిగిందని ఆ సంఘం తేల్చింది. నిర్ణయం 2022లో వెల్లడైంది. ఇక్కడ యువకులు ఓపిక గురించి ఎవరికీ బోధించలేదు. నిర్దిష్టమైన లెక్కతో సభకు వెళ్ళారు. అయిదూళ్ళు అడిగారు.

రచయితలకు ఈ చర్చతో ఏం పని అని అడగవచ్చు. రచయిత కూడా ఒక రాయబారే. మన సాహిత్యంలో నిరుద్యోగి కొత్తవాడు కాడు. కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' నవలలో సుందరం చదువు ముందుకు సాగేకొద్దీ, ఆ చదువు బతుకుకు ఏపాటి ఆసరా అన్న ప్రశ్న కూడా పెరుగుతుంది. సుందరాన్ని రచయిత నిందించడు, ఓదార్చడు. అతన్ని తయారుచేసిన కాలాన్ని చూపిస్తాడు. 1981లో వచ్చిన 'ఆకలి రాజ్యం' చిత్రంలో నాయకుడు చివరికి క్షురకుడిగా పని చేసుకుని బతుకుతాడు. శ్రమకు గౌరవమివ్వడం ఆ ముగింపులోని బలం. సామాజిక సమస్యకు వ్యక్తిగత పరిష్కారంతో తృప్తిపడడం దాని పరిమితి. తర్వాత వచ్చిన కథల్లో అనేకం ఈ పరిమితిలోనే తిరిగాయి. నిరుద్యోగి ఆత్మహత్య చేసుకుంటాడు, లేదా చిన్న వ్యాపారం పెట్టి గెలుస్తాడు. మొదటిది జాలి, రెండవది హితబోధ. ఆ నిరుద్యోగి ఏం అడుగుతున్నాడన్నది రెండింటిలోనూ వినిపించదు.

కనుక ఈ పాత్రను కథలోకి తీసుకునే రచయిత కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. తన పాత్ర ఎన్ని పరీక్షలు రాసింది, ఎంత ఫీజు కట్టింది, ఏ నోటిఫికేషన్ ఏ సంవత్సరం ఆగిపోయింది? ఈ వివరాలు పత్రికా వార్తలకే పరిమితం కానక్కరలేదు. నిర్దిష్టత లేని నిరుద్యోగి బొమ్మలా మిగులుతాడు. స్త్రీ నిరుద్యోగి విషయంలో మన మౌనం ఇంకా పెద్దది. పెళ్ళయితే ఆమెను ఆ జాబితాలోంచే తీసేస్తాం.

యువ రాయబారులుగా వెళ్ళే విద్యార్థులకూ నేను చెప్పేది ఇదే. వెళ్ళండి. దరఖాస్తులు నింపండి, తెలియనివాళ్ళకు దారి చూపండి. కాని పైనుంచి తెచ్చిన మాట కిందివాళ్ళకు చెప్పి ఊరుకోకండి. కింద విన్నదాన్ని పేర్లతో, తేదీలతో, లెక్కలతో రాసుకుని పైకి తీసుకువెళ్ళండి. మీ పనికి జీతమెంతో, గడువెంతో ముందే అడగండి. అలా అడగడం సేవాభావానికి మచ్చ కాదు. 'ఉద్యోగం' అన్న మాటకు తిక్కన నాటి అర్థంలో అది కూడా ఉద్యోగమే.