చక్రం కాస్త వాలితే
పిల్లలూ, బస్సు మలుపు తిరిగితే మీరు బయటి వైపుకు ఒరుగుతారు కదా! కారూ అంతే. అప్పుడు బయటి చక్రం టైరు అంచు మీద నిలుస్తుంది, పట్టు తగ్గుతుంది. అందుకే రేసుకార్లలో ముందు చక్రాల పైభాగాన్ని ముందే కొద్దిగా లోపలికి వాలుస్తారు. దీన్ని నెగెటివ్ క్యాంబర్ అంటారు.

1989లో వచ్చిన జపాను స్పోర్ట్స్ కారు మాజ్దా మియాటా చూడండి. దాని ముందు చక్రాన్ని పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లు పట్టుకుంటాయి. కింది ఆర్మ్‌ను కారుకు బిగించే బోల్టులకు గుండ్రటి బిళ్లలుంటాయి, వాటి రంధ్రం మాత్రం నడిమధ్యన ఉండదు. నట్టు వదులు చేసి బోల్టు తిప్పితే ఆర్మ్ బయటికి జరుగుతుంది, చక్రం అడుగు దాంతో పాటే వెళ్తుంది. అదీ చాలదనుకునేవారు ఆర్మ్ చివర పొడవైన బాల్‌జాయింట్ వేస్తారు.

అసలు తిప్పలు ఇక్కడే. స్టీరింగు కడ్డీ పొడవు మారదు కనుక చక్రాలు పక్కచూపులు చూస్తాయి. (బదిలీ లారీ దిగిన ప్రతిసారీ మా స్కూటరు హ్యాండిలు చేసే పనే!) దీన్ని టో అంటారు. క్యాంబర్ మార్చాక టో మళ్లీ కొలిచి సరిచేయాల్సిందే, లేకుంటే టైర్లు త్వరగా అరుగుతాయి.

వాలు మరీ ఎక్కువైతే తిన్నని రోడ్డు మీద లోపలి అంచే అరుగుతుంది. ఇంటి ముందు ఆగి ఉన్న కారు టైరును నాన్నగారితో కలిసి తడిమి చూడండి, లోపలి అంచు మాత్రమే నున్నబడిందేమో!