'దొరకలేదు' అని ఫంక్షన్ ఎలా చెప్పాలి?

ప్రింట్ స్క్రీన్ మీద చూపిస్తుంది, రిటర్న్ పిలిచిన కోడ్ చేతికి ఇస్తుంది. ఇది మీకు తెలిసిందే. మరి ఫంక్షన్ దగ్గర ఇవ్వడానికి ఏమీ లేకపోతే? అప్పుడేం రిటర్న్ చెయ్యాలి? అసలు చిక్కు ఇక్కడే.

పైథాన్‌లో ఒక యూపీఐ ఐడీ తీసుకుందాం. '@' గుర్తుకి ముందున్న భాగం మనకి కావాలి. చాలామంది ఫైండ్‌తో ఆ గుర్తు ఎక్కడుందో కనుక్కుని, అక్కడిదాకా స్లైస్ చేస్తారు. టెస్ట్ చేస్తే బాగానే పనిచేస్తుంది. ఇప్పుడు ఒక యూజర్ ఐడీ బదులు తన 10 అంకెల ఫోన్ నంబర్ కొట్టాడనుకోండి. '@' లేదు కదా, ఫైండ్ మైనస్ 1 రిటర్న్ చేస్తుంది. దాని ఉద్దేశం 'దొరకలేదు' అని. కానీ స్లైస్‌కి మైనస్ 1 అంటే 'చివరిది వదిలేసి మిగతాదంతా' అని! దాంతో 9 అంకెలే వస్తాయి. ఎర్రర్ రాదు, యాప్ ఆగదు, తప్పు నంబర్ బుద్ధిగా డేటాబేస్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. దీనికంటే క్రాష్ అయినా నయం, కనీసం మనకి తెలుస్తుంది.

పోనీ మనమే ఒక ఫంక్షన్ రాసి నన్ రిటర్న్ చేద్దామా? అదీ ఇక్కడ కాపాడదు. స్లైస్ చివర నన్ పెడితే పైథాన్ మొత్తం స్ట్రింగ్ ఇచ్చేస్తుంది. మళ్లీ సైలెంటే.

ఫైండ్‌కి ఇండెక్స్ అని ఒక అన్న ఉన్నాడు. పని అదే, కానీ దొరక్కపోతే వాల్యూ ఎర్రర్ విసురుతాడు. '@' కచ్చితంగా ఉండి తీరాలి అనుకునే చోట ఇదే వాడండి. యూజర్ టైప్ చేసే చోట మాత్రం నా ఓటు పార్టిషన్‌కి. అది ఒకేసారి 3 వాల్యూలు రిటర్న్ చేస్తుంది: ముందు భాగం, గుర్తు, తర్వాతి భాగం. మధ్యది ఖాళీగా వచ్చిందా, '@' లేనట్టే. 'సరైన ఐడీ ఇవ్వండి' అని అడిగేయొచ్చు.

రస్ట్‌లో ఈ గొడవే లేదు. అక్కడ ఫైండ్ ఆప్షన్ అనే డబ్బాలో పెట్టి ఇస్తుంది. డబ్బా తెరిచి చూడకుండా స్లైస్‌కి ఇస్తే కోడ్ కంపైలే అవ్వదు.

ఫోన్‌లో పైథాన్ యాప్ ఉంటే '@' లేకుండా మీ పేరుతో ఇవన్నీ ట్రై చేయండి. పేరు తెలుగులో ఇచ్చి చూడండి, ఫైండ్ కోడ్ 'రవి'ని 'రవ' చేస్తుంది. అక్షరం మొత్తం పోకుండా గుడి ఒక్కటే ఎందుకు పోయింది? దాని సంగతి ఇంకో ఎపిసోడ్‌లో.