బియ్యం గాలించినట్టే వీర్యమూ

మగ పంది నుంచి వీర్యం పట్టేటప్పుడు ఎంత శుభ్రత పాటించినా బ్యాక్టీరియా చేరుతుంది. జంతువు చర్మం, పేడ, ల్యాబ్ నీళ్లు అన్నీ దారులే. పైగా పంది శుక్రకణాలు చలికి ఓర్చవు. అందుకే వీర్యాన్ని డైల్యూటర్ ద్రవంలో కలిపి 17 డిగ్రీల దగ్గర నిలవ చేస్తారు. ఆ మాత్రం వెచ్చదనం సెరేషియా, సూడోమోనాస్, ఈ.కోలైలకు కూడా సరిపోతుంది. ఎద్దు వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పెడితే క్రిములు చచ్చిపోతాయన్నదీ భ్రమే. శుక్రకణాల కోసం కలిపే గ్లిజరాల్ క్రిములనూ కాపాడుతుంది.

విరుగుడుగా డైల్యూటర్‌లో జెంటామైసిన్ వంటి మందు కలుపుతారు. యూరోపియన్ యూనియన్‌లో పంది వీర్యానికి యాంటీబయాటిక్ తప్పనిసరి. చిక్కేమిటంటే, జెంటామైసిన్ కణంలోకి వెళ్లాలంటే బ్యాక్టీరియా తన శక్తిని ఖర్చు పెట్టాలి. చల్లబడి మందగించిన క్రిమి ఆ పని సరిగా చేయదు. చావగా మిగిలినవాటిలో మందుకు లొంగని రకాలు ఉంటే, మైదానం వాటిదే.

మందే అక్కర్లేని ఉపాయం ఒకటుంది. ఉప్సలాలోని స్వీడిష్ వ్యవసాయ శాస్త్రాల విశ్వవిద్యాలయంలో జేన్ మోరెల్ బృందం సిలికా రేణువుల కొల్లాయిడ్‌ను ట్యూబులో పోసి, పైన వీర్యాన్ని మెల్లగా పేర్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పింది. ఇది బియ్యం గాలించడం లాంటిదే. శుక్రకణం తలలో డీఎన్ఏ ప్రోటమిన్ అనే ప్రోటీన్‌తో బిగించి చుట్టుకుని ఉంటుంది కాబట్టి అది బరువైనది, కొల్లాయిడ్‌ను చీల్చుకుని అడుగుకు చేరుతుంది. బ్యాక్టీరియా మరీ చిన్నది. ద్రవంలో గోళం మునిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుందని స్టోక్స్ సూత్రం: వ్యాసం పదో వంతైతే వేగం నూరో వంతు. అందుకే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం పైనే తేలుతుంది. ఏ మందుకు లొంగకపోయినా, గాలింపును తప్పించుకునే జన్యువు దానికి లేదు.

తొలుత ఒక పొరపాటు దొర్లింది. అడుగున చేరిన శుక్రకణాలను పిపెట్‌తో పైకి లాగితే, దారిలోని మురికి పొరే అంటుకునేది. అందుకని లోపల మరో సన్నటి గొట్టం పెట్టి, పిపెట్‌ను ఆ గొట్టంలోంచి దింపారు. అయినా శుక్రకణానికే అతుక్కున్న క్రిములు దానితో పాటే మునుగుతాయి.

ఇక వాడకం సంగతి. పంది ఒకసారి ఇచ్చే వీర్యం 200 మిల్లీలీటర్లకు పైనే ఉంటుంది. అంత తిప్పాలంటే ట్యూబులు, కొల్లాయిడ్, సమయం అన్నీ ఖర్చే. హానోవర్ పశువైద్య విశ్వవిద్యాలయంలో డాగ్మార్ వాబెర్‌స్కీ బృందం వేరే దారి పట్టింది: చలిని తట్టుకునేలా చేసే డైల్యూటర్‌లో, మందు లేకుండా, 5 డిగ్రీల దగ్గర నిలవ. అక్కడ బ్యాక్టీరియా పెరుగుదల బాగా తగ్గుతుంది.