పేరు ఒక్కటే, వ్రాతలు అనేకం

గత సంవత్సరం ఉపకారవేతనాల దరఖాస్తులను సరిచూచు పని నాకు అప్పగింపబడినది. వానిలో ఒకటి "వివరములు సరిపోలలేదు" అను వ్యాఖ్యతో తిరిగి వచ్చినది. ఆ విద్యార్థి పేరు పదవ తరగతి ధ్రువపత్రంలో "మహమ్మద్" అనియు, ఆధార్ కార్డులో "మహ్మద్" అనియు ఉండుటయే కారణం. పిల్లవాడు ఒక్కడే, తండ్రి ఒక్కడే. కంప్యూటరుకు మాత్రం ఇద్దరు. అది పేరును మనవలె చదువదు. అక్షర సంకేతాలను ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి పోల్చును. ఒక్కటి తేడా వచ్చినను కాదనును.

మన పేర్లకు ఈ చిక్కు సహజమే. ఉర్దూ వ్రాతలో హ్రస్వాచ్చులను సాధారణంగా గుర్తింపరు. తెలుగులో వ్రాయు గుమాస్తా తన చెవికి తోచినట్లు పూరించును. అందుచేత ముహమ్మద్, మొహమ్మద్, మహమ్మద్ అన్నియు పుట్టినవి. మరొక వైపు జే, జాల్, జ్వాద్, జోయ్ అను నాలుగు ఉర్దూ అక్షరాలకు తెలుగులో దక్కినది "జ" ఒక్కటే. ఇందులో ఎవరి అజ్ఞానమూ లేదు.

ఇట్టి పేర్లను కలుపుటకు శాస్త్రజ్ఞులు కొన్ని ఉపాయాలు కనిపెట్టినారు. 1965లో సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవెన్‌ష్టైన్ ఒక మాటను మరొక మాటగా మార్చుటకు ఎన్ని సంకేతాలు చేర్చవలెనో, తీసివేయవలెనో, మార్చవలెనో లెక్కించి దానిని "దూరం"గా నిర్ణయించెను. కంప్యూటరు లోపల పొల్లు కూడా ఒక సంకేతమే. "మహమ్మద్"లో మధ్యనున్న "మ" ఒక్కటి తొలగించిన "మహ్మద్" మిగులును, దూరం ఒకటి. సంతోషమే. కాని కరీం, కరీమ్ ఒకే పేరు, దూరం రెండు. కరీం, రహీం వేర్వేరు మనుష్యులు; అక్కడను దూరం రెండే!

ఇంతకంటె పాతది సౌండెక్స్. 1918లో అమెరికాలో రాబర్ట్ రస్సెల్ దీనికి పేటెంటు పొందెను. ఇంగ్లీషు వ్రాతలో మొదటి అక్షరం నిలిపి, అచ్చులు వదలి, హల్లులకు అంకెలు వేయుట దీని పద్ధతి. మొహమ్మద్‌కు ఎం530 వచ్చును. మహమూద్‌కు కూడా ఎం530 వచ్చును. మొహమ్మద్‌కే సంక్షిప్తమైన ఎం.ఓ.హెచ్.డి.కి మాత్రం ఎం300. ఇంటివానిని వాకిట నిలబెట్టి పొరుగువానిని భోజనానికి పిలిచినట్లున్నది.

అక్షరాలలో ఏ పోలికయు లేని మాటల సంగతి వేరు. బందరు, మచిలీపట్నం ఒకే ఊరని ఏ దూరపు లెక్కయు చెప్పజాలదు. పర్యాయపదాల పట్టిక ఒకటి మనమే వ్రాసి ఇవ్వవలెను. ఇచ్చినంతమాత్రాన విజయవాడలోని బందరు రోడ్డు దుకాణాలన్నియు మచిలీపట్నం జాబితాలో చేరకుండ చూచుకొనవలెను! 1977 నవంబరు 19 నాటి దివిసీమ విషాదాన్ని గూర్చి "తుఫాను" అని వెదకిన విద్యార్థికి "ఉప్పెన" అని వ్రాసిన వ్యాసాలు దొరకవు. ఆ రెండును సంబంధమున్న మాటలే గాని సమానార్థకాలు కావు. ఊళ్లను ముంచినది ఉప్పెన, దానిని తెచ్చినది తుఫాను. కనుక ఉప్పెన వ్యాసాలను చూపవలెను, కాని తుఫాను వ్యాసాల తరువాత చూపవలెను. ఇక మన విభక్తులు సరేసరి. "ఇల్లు" అని వెదకిన "ఇంటికి" దొరకదు, "నీరు" అన్న "నీటికి" దొరకదు. తెలుగు వ్యాకరణం తెలిసినవారికి ఇక్కడ చేయదగిన పని చాలా ఉన్నది.

పేర్ల విషయంలో నాకు తోచిన పద్ధతి ఇది. పత్రంలోని వ్రాతను దిద్దక అట్లే ఉంచి, వెదకుటకు ప్రక్కన వేరొక గడి ఏర్పరుపవలెను. యంత్రం దగ్గరి పేర్లను చూపవచ్చును. అతడే ఇతడని తేల్చుటకు తండ్రి పేరు, పుట్టిన తేదీ కలియవలెను, ఒక మనిషి చూడవలెను. ఆ విద్యార్థి విషయంలో చివరకు జరిగినది ఇదే. తేదీలు కలిసినవి, దరఖాస్తు అంగీకరింపబడినది. రెండు పత్రాలలో అతని పేరు ఇప్పటికిని రెండు విధాలుగనే ఉన్నది.