కళాశాల హోదా: పనిచేసి చదువుకొను విద్యార్థి

మన గ్రామములనుండి కళాశాలలకు పోవు యువతీయువకులలో పలువురు ఇంటినుండి వచ్చు సొమ్ముతో మాత్రమే చదువు సాగించువారు కారు. కొందరు సాయంకాలము పట్టణములోని దుకాణములలో పనిచేయుచున్నారు. కొందరు నాట్లకు, కోతలకు కూలికి పోయి ఫీజు కూర్చుకొనుచున్నారు. కళాశాలలో చేరు కాలమును, రైతు విత్తనములకు ఎరువులకు వెచ్చించు కాలమును ఒక్కటే యగుటచే భారము ఇబ్బడి యగుచున్నది. ఇట్లు చెమటోడ్చి కూర్చిన సొమ్ము సరియైన హోదా లేని సంస్థ పాలయినచో ఫీజుతో పాటు తిరిగిరాని మూడేండ్ల కాలము కూడ వ్యర్థమగును. కావున కళాశాల హోదా యనగా నేమో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

పట్టము నిచ్చు అధికారము

1956వ సంవత్సరపు విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘ చట్టము 22వ సెక్షను ప్రకారము పట్టము నొసగు అధికారము మూడు విధముల సంస్థలకే కలదు. అవి కేంద్ర లేక రాష్ట్ర చట్టముచే ఏర్పడిన విశ్వవిద్యాలయములు, విశ్వవిద్యాలయములతో సమానముగా కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన సంస్థలు, పార్లమెంటు ప్రత్యేకముగా అధికారమిచ్చిన సంస్థలు. మన జిల్లాలలోని డిగ్రీ కళాశాలలు సామాన్యముగా ఒక విశ్వవిద్యాలయమునకు అనుబంధములై యుండును. అటానమస్ కళాశాల పాఠ్యప్రణాళికను, పరీక్షలను తానే నిర్వహించుకొన్నను పట్టము నిచ్చునది విశ్వవిద్యాలయమే. కాబట్టి కళాశాలకు అనుబంధము కలదని విన్నంతనే తృప్తిపడరాదు. చేరదలచిన కోర్సునకు, ఆ సంవత్సరమునకు అది కలదా యని విశ్వవిద్యాలయమునే విచారింపవలెను. నకిలీ విశ్వవిద్యాలయముల పట్టికను గ్రాంట్ల సంఘము ప్రకటించుచున్నది.

హోదా, హాజరు, ఉపకారవేతనము

ప్రభుత్వ ఉపకారవేతనములు గుర్తింపు పొందిన కోర్సులకే లభించును. వానికి కుటుంబ ఆదాయ పరిమితియు, హాజరు నియమమును కలవు. పరీక్షలకు సాధారణముగా 75 శాతము హాజరు ఉండవలెను. పనికి పోవు విద్యార్థికి ఇదియే పెద్ద చిక్కు. కూలికై తరగతులు మానినచో హాజరు తగ్గును. హాజరు తగ్గినచో ఉపకారవేతనము నిలిచిపోవచ్చును. అది నిలిచినచో మరిన్ని దినములు కూలికి పోవలసి వచ్చును. చదువు మధ్యలో ఆగిపోవుటకు తరచుగా కారణము ఈ చుట్టే.

దినమంతయు పని తప్పనివారికి సార్వత్రిక విద్య మేలైన మార్గము. దేశములో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో మన తెలుగునాటనే వెలసినది. హైదరాబాదులోని ఆ సంస్థ 1991 నుండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడచుచున్నది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము 1985లో ఏర్పడినది. వీనిలో చదువుటకు ప్రతిదినము తరగతికి పోనక్కరలేదు. గుర్తింపు పొందిన సార్వత్రిక పట్టము రోజువారీ కళాశాల పట్టముతో సమానమని గ్రాంట్ల సంఘము 2022లో స్పష్టపరచినది. అయితే ఇంజనీరింగు, వైద్యము, న్యాయశాస్త్రము వంటివి ఈ మార్గమున చదువుటకు వీలులేదు.

పంచాయతీ చేయదగిన పని

ఫీజు బాకీ కలదని విద్యార్థి అసలు ధ్రువపత్రములను కళాశాల తనయొద్ద నిలుపుకొనుట కొన్నిచోట్ల జరుగుచున్నది. ధ్రువపత్రములు లేనిదే అతడు ఉద్యోగమునకుగాని పైచదువునకుగాని పోలేడు. వానిని సరిచూచి వెంటనే తిరిగి ఈయవలెనని గ్రాంట్ల సంఘము 2018లో ప్రకటించినది. ఈ సంగతి తెలిసిన పెద్దమనిషి ఒకరు వెంట వెళ్లినచో విద్యార్థికి ధైర్యము కలుగును.

ఇంటరు ఫలితములు వెలువడిన వెంటనే సభ్యులు తమ వార్డులోని విద్యార్థులను, తల్లిదండ్రులను సమావేశపరచవలెను. ఆదాయ, కుల ధ్రువపత్రములకు సకాలములో తహశీల్దారు కార్యాలయమునకు దరఖాస్తు చేయించవలెను. చెల్లించు ప్రతి రూపాయికి రసీదు తీసికొనుమని చెప్పవలెను. ఇందుకు పంచాయతీ నిధులు అక్కరలేదు. కొంత శ్రద్ధ చాలును. ఊరి బిడ్డ కష్టార్జితము చదువుగా మారుటయో, నీటిపాలగుటయో పలుమారులు ఆ శ్రద్ధపైననే ఆధారపడి యున్నది.