సంగటి పక్కన థాయి కోడి

మా మేనల్లుడు రెండేళ్లు బ్యాంకాకులో ఉద్యోగం చేసి కర్నూలు వచ్చాడు. వచ్చిన నాటినుంచీ ఒకటే పాట: "అత్తా, అక్కడ వీధుల్లో నిప్పులమీద కోడి కాలుస్తారు. నువ్వొకసారి చేసి చూడు!"

మా అత్తగారిది ప్రొద్దుటూరు. ఆవిడ దృష్టిలో కోడి పుట్టిందే పులుసుకోసం. "కాల్చుకు తింటే సంగటి దేంట్లో ముంచుకోవల్ల అమ్మీ?" అన్నారు. ప్రశ్న సబబైనదే. నాకు వెంటనే సమాధానం తోచలేదు.

మొదటిసారి నేను చేసిన పొరపాటు చెప్పి తీరాలి. రుచిగా ఉంటుంది కదా అని ముదురు నాటుకోడి తెచ్చి, పెద్ద ముక్కలు కొట్టించి, భగభగ మండే బొగ్గులమీద పెట్టాను. పావుగంటలో పైన మాడి మసైంది. పిల్లలు కంచాల ముందు కూర్చున్నారు. తుంచి చూస్తే ఎముక దగ్గర ఎర్రగా పచ్చిమాంసం! పచ్చికోడి తింటే పిల్లలకూ పెద్దవాళ్లకూ వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. గుండె ఝల్లుమని ముక్కలన్నీ గిన్నెలో వేసి పులుసు పెట్టేశాను. ఆ రాత్రి గెలుపు అత్తగారిదే.

తరువాత మేనల్లుణ్ణి కూర్చోబెట్టి అసలు సంగతులు రాబట్టాను. ఈ వంటను అక్కడ 'కై యాంగ్' అంటారు. కై అంటే కోడి, యాంగ్ అంటే నిప్పులమీద కాల్చడం. దీనికి పేరుపొందినది ఈశాన్య థాయిలాండులోని ఇసాన్ ప్రాంతం. అక్కడ వాన మనకంటే ఎక్కువే పడినా, ఇసుక నేల నీటిని నిలుపుకోదు. బతుకుతెరువుకు జనం బ్యాంకాకుకు వలసపోతారు. ఆ మాట వినగానే మన సీమ పల్లెలు గుర్తుకొచ్చాయి. ఇంకా వినండి: వాళ్లు జిగురు బియ్యపు అన్నాన్ని చేత్తో చిన్న ముద్ద చేసి, కారంలో అద్దుకు తింటారు. అత్తగారి ప్రశ్నకు ఇదే సమాధానం!

ఇక వంట. లేత బాయిలరు కోడి తొడలు కిలో తీసుకుని, ఎముకదాకా గాట్లు పెట్టండి. వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, ఒక చెంచా మిరియాలు, కొత్తిమీర వేళ్లు అయిదారు రోట్లో నూరాలి. అవును, మనం మట్టి ఉందని కోసి పారేసే ఆ వేళ్లే! కడిగి నూరితే ఆకుకంటే ఘాటైన వాసన వస్తుంది. నిమ్మగడ్డి దొరికితే మొదలు రెండు అంగుళాలు చేర్చండి. కాస్త పసుపు, చెంచా బెల్లం తురుము, ఉప్పు. థాయివారు ఉప్పుకు బదులు చేపలను ఊరబెట్టి తీసిన రసం పోస్తారు. మా ఇంట్లో ఆ వాసన ఎవరికీ పడలేదు. ఇదంతా ముక్కలకు పట్టించి అరగంట ఉంచితే చాలు.

కుంపట్లో బొగ్గులు మంట తగ్గి, బూడిద కప్పుకున్నాకే పైన ఇనుప వల పెట్టి ముక్కలు పరచాలి. బెల్లం ఉంది కనుక సెగ ఎక్కువైతే ఇట్టే మాడుతుంది. తిప్పుతూ ఇరవై అయిదు నిమిషాలు కాల్చండి. ఎముక దగ్గర పొడిస్తే ఎర్రటి నీరు రాకూడదు. వంటింటి ఉష్ణమాపకం ఉంటే లోపల 74 డిగ్రీలు చూపాలి. నిక్కమైన గుర్తు అదే. కుంపటి లేనివారు మందపాటి పెనంమీద మూతపెట్టి చేసుకోవచ్చును, పొగవాసన మాత్రం రాదు.

ముక్కలు కాలేలోగా కారం తయారవుతుంది. ఎండుమిరపకాయలు కాల్చి, చింతపండు గుజ్జు, బెల్లం, ఉప్పు, చిన్న ఉల్లిపాయల తరుగుతో కలపాలి. గుప్పెడు బియ్యం నూనె లేకుండా ఎర్రగా వేయించి, బరకగా దంచి చివర చల్లండి. మిరపకాయ మాత్రం వాళ్లదీ కాదు, మనదీ కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు వర్తకుల వెంట ఇటు వచ్చింది.

రెండోసారి ముక్కలు చక్కగా ఉడికాయి. అత్తగారు సంగటి ముద్ద తుంచి కారంలో అద్ది నోట పెట్టుకున్నారు. కాసేపు మాట్లాడలేదు. "బియ్యం ఎందుకు? చెనిక్కాయ గింజలు ఏంచి దంచితే మన ఊరుబిండే గదా" అన్నారు చివరికి.

మరుసటి ఆదివారం కారం ఆవిడే నూరారు. మిరపకాయలు రెట్టింపు వేశారు. మేనల్లుడు మూడు గ్లాసుల మజ్జిగ తాగాడు.